వెంకటగిరికోటలో ఒక అమావాస్య రాత్రి

వెంకటగిరి అనగానే చాలామందికి నెల్లూరు వైపు చీరలు నేసే ఊరు గుర్తుకు వస్తుంది. ఇది ఆ ఊరు కాదు. చిత్తూరు జిల్లా పడమటి అంచున, ఒక పక్క కర్ణాటకను, ఒక పక్క తమిళనాడును ఆనుకొని ఉన్న వెంకటగిరికోట ఇది. ఇంత పొడుగు పేరు ఇక్కడ ఎవరూ పలకరు. బస్సు బోర్డు మీద, టమోటా బాక్సుల మీద, జనం నోట అంతా వి.కోటే.

మదనపల్లె నుండి వచ్చేవారికి పుంగనూరు, పలమనేరు మీదుగా దారి. మేము వెళ్ళినది లెంటు దినాలలో. దారి పొడవునా చింతకాయ దులుపుతున్నారు. నల్లరాతి గుట్టలు, వాటి నడుమ మల్బరీ తోటలు, రాగి చేలు, కట్టెలు పాతి తీగ లాగిన టమోటా తోటలు కనిపించాయి. సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైబడిన ఎత్తు గనుక పగలు ఎండ మండినా పొద్దు వాలేసరికి గాలి చల్లబడుతుంది. ఈ పీఠభూమి పొడిగాలి గుణం మిషనరీలు ఏనాడో ఎరుగుదురు. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయరోగుల ఆసుపత్రి కట్టినది ఈ గాలిని నమ్ముకొనే. రోగి ఊపిరికి మేలు చేసే గాలి టెలిస్కోపుకు కూడా మేలు చేస్తుందని నాకు చెప్పినవాడు మా అక్క కొడుకు.

అతను బెంగుళూరులో ఇంజనీరు. నెలకొకసారి, అమావాస్యకు దగ్గరగా ఉన్న శనివారం, కారు నిండా సామాను వేసుకొని తల్లి దగ్గరకు వస్తాడు. తల్లిని చూడడానికి కొంత, ఆకాశాన్ని చూడడానికి కొంత. ఏది ఎంతో మా అక్కకు అనుమానమే. ఆమె నాకు ఫోను చేసి పిలిపించిన కారణం కూడా అదే. "శనివారం రాత్రంతా తోటలో ఉంటాడు, ఆదివారం గుడికి లెయ్యడు. నేను చెప్తే కసురుకుంటాడు. నువ్వొచ్చి రెండు మాటలు చెప్పబ్బా" అన్నది.

అమావాస్యే ఎందుకంటే, చంద్రుడున్న రాత్రి నీహారికలు ఫోటోకు చిక్కవు. వాటి వెలుగు అంత పలచన. మన పండుగల లెక్కలోనూ చంద్రునికి చోటు ఉన్నది గదా. మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారం ఈస్టరు. అందుచేత శ్రమల వారంలో రాత్రులు చంద్రుడు పెద్దగానే ఉంటాడు. పస్కా కూడా పౌర్ణమి పండుగే గనుక గెత్సేమనే తోటలో ఆ రాత్రి ఒలీవ చెట్ల నీడలు నేల మీద పడి ఉంటాయి. ఈస్టరుకు రెండు మూడు వారాల ముందు వచ్చే అమావాస్య మాత్రం నక్షత్రాలు చూచేవారికి సంవత్సరంలోకెల్లా మేలైనది. ఈశాన్య ఋతుపవనం వానలు వెళ్ళిపోయి ఉంటాయి, వేసవి మబ్బులు ఇంకా రావు. పైగా సాయంత్రం మృగశీర్షతో మొదలుపెట్టి తెల్లవారుజామున ధనూరాశి వరకు ఒకే రాత్రిలో చూడవచ్చు.

పొద్దు గూకకముందే టమోటా తోట పక్కనున్న చదును మీద మూడుకాళ్ళ పీఠం నిలబెట్టాడు. దాని మీద మోటారు, మోటారు మీద మూడంగుళాల వెడల్పు గల టెలిస్కోపు, దాని చివర కెమెరా. ఇంత చిన్నదా అని నాకు అనిపించింది. ఈ పనిలో గొట్టం కంటే పీఠమే ముఖ్యమని అతను చెప్పాడు. భూమి తిరుగుతున్నది గనుక నక్షత్రాలు గంటకు 15 డిగ్రీల చొప్పున పడమటికి జరుగుతాయి. కెమెరా మూత మూడు నిమిషాలు తెరిచి ఉంచితే ఒక్కొక్క నక్షత్రం చుక్కగా కాక గీతగా పడుతుంది. ఆ జరుగుడుకు సరిగ్గా సమానంగా పీఠం కూడా తిరగాలి. దాని ఇరుసు ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టాలి. ఐరోపా దేశాలలో ధ్రువుడు నడి ఆకాశంలో దర్జాగా ఉంటాడు. వి.కోట 13 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నది గనుక ఇక్కడ ధ్రువుడు కూడా ఉత్తరాన 13 డిగ్రీల ఎత్తునే ఉంటాడు. చాచిన చేతి పిడికిలి ఒకటి, దాని మీద మూడు వేళ్ళు పెడితే అంతే. అక్క ఇంటి టెంకాయ చెట్ల సందులో ఆయన్ను వెదకి పట్టుకోవడానికి అరగంట పట్టింది.

అప్పుడే చిన్న గొడవ జరిగింది. తోట మూలనున్న స్తంభానికి అక్క కొత్తగా పెట్టించిన ఎల్.ఇ.డి. ఫ్లడ్ లైటు ఉన్నది. దానిని వెలిగించగానే తోటంతా తెల్లగా అయిపోయింది. "అమ్మా, ఆర్పెయ్" అన్నాడు కొడుకు. "ఏనుగులొస్తే నీ కెమెరా కాపలా కాస్తుందా?" అన్నది తల్లి. ఈ మాట వేళాకోళం కాదు. కర్ణాటక, తమిళనాడు అడవుల వైపు నుండి 1980లలో ఈ ప్రాంతానికి ఏనుగులు వచ్చి నిలిచాయి. 1990లో పలమనేరు, కుప్పం అడవులను కలిపి కౌండిన్య అభయారణ్యంగా ప్రకటించారు. అవి ఇప్పటికీ రాత్రిపూట చేలలోకి దిగుతాయి. ఏనుగు టమోటాను తిన్నా తినకపోయినా తొక్కిపోతుంది, డ్రిప్పు పైపులు పీకిపారేస్తుంది. అప్పు తెచ్చి పెట్టిన పంట. చీకటి అందంగా ఉంటుందని రైతుకు చెప్పడానికి పట్టణంవారికి ఏమి హక్కు ఉన్నదని నేను అక్క పక్షమే మాట్లాడాను. చివరకు ఆ ఒక్క రాత్రికి దీపం ఆర్పడానికి ఆమె ఒప్పుకున్నది. "ఎటూ మనం ముగ్గురం మేలుకొనే ఉంటాం గదా, అలికిడి అయితే వేస్తా" అని స్విచ్చి పక్కనే మంచం వాల్చుకున్నది.

దీపం ఆరిన తరువాత మొదటి పది నిమిషాలు నాకు ఏమీ కనబడలేదు. కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటుపడడానికి అరగంట వరకు పడుతుంది. ఆ మధ్యలో ఎవరైనా టార్చి కొడితే మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకే అతని టార్చి మూతికి క్రిస్మస్ నక్షత్రానికి అంటించే ఎర్ర కాగితం చుట్టి ఉన్నది. ఎరుపు వెలుగు ఆ అలవాటును అంతగా చెడగొట్టదట. మెల్లమెల్లగా నక్షత్రాలు పెరిగాయి. పడమట బెంగుళూరు దీపాల పొగరంగు వెలుగు ఆకాశం అడుగున కనిపిస్తున్నది, గీత గీస్తే వంద కిలోమీటర్ల దూరం నుండి! ఆగ్నేయాన ఆంబూరు వైపు ఇంకొక వెలుగు మరక. ఆ రెండింటి నడుమ, తలపైన, చీకటి ఇంకా మిగిలి ఉన్నది.

పడమటికి వాలుతున్న మూడు చుక్కలను చూపించి "అదిగో గొల్లకావడి" అన్నది అక్క. ఇంకొంచెం కిందుగా గుంపుగా ఉన్నవాటిని "పిల్లలకోడి" అన్నది. కరెంటు లేని రోజుల్లో మా నాయన మడికి నీళ్ళు కట్టడానికి లేచేది ఈ చుక్కలను చూచేనట. కొడుక్కి అవి ఎం 42 పక్కనున్న చుక్కలు, ఎం 45. బైబిలు చదువరులకు మరొక పేరు తెలుసు. యోబు గ్రంథంలో 9వ అధ్యాయంలోను, 38వ అధ్యాయంలోను కృత్తిక, మృగశీర్ష అని ఉన్నవి ఇవే. తల్లీ కొడుకులు చాలాకాలానికి ఒకే వైపు వేలు చూపించుకోవడం నేను గమనించాను గాని పైకి అనలేదు.

గొల్లకావడి కింద వేలాడే కత్తి నడుమ మసకగా ఉన్నదే మృగశీర్ష నీహారిక. టెలిస్కోపులో కన్ను పెట్టి చూస్తే అద్దం మీద ఊదిన ఆవిరిలాగా, బూడిదరంగులో కనబడింది. అక్కకు నచ్చలేదు. "నువ్వు ఫోన్లో పంపేది ఎర్రగా, పువ్వు మాదిరి ఉంటుంది గదా. కంప్యూటర్లో రంగులు నువ్వే వేస్తావా?" అని నిలదీసింది. ఇది న్యాయమైన ప్రశ్నే. అతను కోపపడకుండా జవాబిచ్చాడు. ఆ ఎరుపు హైడ్రోజన్ వాయువుది. దగ్గరి నక్షత్రాల అతినీలలోహిత కాంతికి వెలిగి ఒక నిర్ణీతమైన ఎర్రకాంతిని విడుస్తుంది. మన కంటిలో చీకట్లో పనిచేసే భాగానికి ఎరుపు తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. మామూలు కెమెరాలు కూడా ఈ ఎరుపును చాలావరకు అడ్డే గాజుపలకతో వస్తాయి గనుక ఆ పలకను తీయించి వాడుతున్నాడు. "రంగు దానిదేనమ్మా. ఎంత గట్టిగా కనబడాలో చెప్పేది మాత్రం నేను."

ఈ నీహారిక వెలుగు మన దగ్గరకు రావడానికి సుమారు 1,300 ఏండ్లు పడుతుంది. మేము చూచిన కాంతి బయలుదేరిననాడు వేంగిలో తూర్పు చాళుక్యులు ఏలుతున్నారు. దీనిని మొదట ఫోటో తీసినది 1880 సెప్టెంబరు 30న, అమెరికాలో హెన్రీ డ్రేపర్ అనే వైద్యుడు. మూడేళ్ళకు ఇంగ్లండులో ఆండ్రూ కామన్ అనే శానిటరీ ఇంజనీరు తన ఇంటి తోటలో నుండి అంతకంటె గొప్ప ఫోటో తీశాడు. కంటికి ఎన్నడూ కనబడని నక్షత్రాలు ఆ పలక మీద పడ్డాయి. నక్షత్రాలను చూచి బొమ్మ గీసుకొనే కాలం అక్కడితో వెనకబడింది. కన్ను ఎంతసేపు చూచినా అంతే చూస్తుంది. ఫోటో పలక అలాకాదు, వెలుగును కూడబెడుతుంది.

ఆ కూడబెట్టే పద్ధతి ఇప్పుడు ఇంకా మారింది. ఫిల్ము రోజుల్లో గంటసేపు మూత తెరిచి, ఒక నక్షత్రం మీద కన్ను పెట్టి, తప్పిపోకుండా చేతితో నడిపేవారు. మధ్యలో ఎవరైనా కాలు తగిలిస్తే గంట వృథా. ఇప్పుడు మూడేసి నిమిషాల ఫోటోలు నలభై తీసి, కంప్యూటరులో ఒకదానిమీద ఒకటి పేర్చుతారు. ఒక్కొక్క దానిలో వెలుగు కొంచెం, గింజలు గింజలుగా రొద ఎక్కువ. వెలుగు ప్రతి ఫోటోలో ఒకే చోట ఉంటుంది, రొద మాత్రం చోటు మారుతుంది. నాలుగు రెట్లు ఫోటోలు పేర్చితే రొద వంతు సగమవుతుంది. అక్కకు ఇది అర్థం కాలేదు. అప్పుడు నేను "పిడికెడు బియ్యం" అన్నాను. మన స్త్రీల సమాజంవారు పూటపూటా వండేముందు ఒక పిడికెడు తీసి పక్కన వేస్తారు. ఆ రోజు కుండలో తేడా తెలియదు, నెల తిరిగేసరికి గుడికి మూట చేరుతుంది. "అట్ల చెప్పు" అన్నది.

ఇంకొకటి మాత్రం ఆమెకు చివరిదాకా మింగుడు పడలేదు. టెలిస్కోపుకు మూత బిగించి అతను ఇరవై ఫోటోలు తీశాడు. కెమెరా తన వేడివల్ల తానే పుట్టించుకొనే మచ్చలు ఏవో ఈ చీకటి ఫోటోలలో తెలుస్తాయి. తరువాత వాటిని అసలు ఫోటోలో నుండి తీసివేస్తారు. "మూత పెట్టి ఫోటో తీసే పిచ్చోడు నా కడుపున పుట్టినాడు" అని ఆమె సంగటి తేవడానికి లేచింది. చెనక్కాయల ఊరిబిండితో ఆ రాగిసంగటి రుచి వేరే చెప్పాలా?

గొల్లకావడిలో తూర్పు కొసనున్న చుక్క పక్కన గుర్రం తలలాంటి నల్లటి నీహారిక ఒకటి ఉన్నది. కెమెరా తెర మీద మూడో ఫోటోకే దాని నీడ తెలిసింది. దానిని మొదట గుర్తించినది విలియమీనా ఫ్లెమింగ్, 1888లో హార్వర్డు వేధశాలలో తీసిన ఒక పలక మీద. ఈమె స్కాట్లండు నుండి అమెరికా వచ్చిన గర్భిణి. భర్త విడిచిపెడితే వేధశాల అధిపతి ఇంట్లో పనిమనిషిగా చేరింది. తరువాత ఆ వేధశాలలోనే పలకలు చదివే పనికి కుదిరి పదివేలకు పైగా నక్షత్రాలను వర్గీకరించింది.

రాత్రి తొమ్మిది దాటాక పుష్యమి దాదాపు తల మీదకు వచ్చింది. కంటికి చిన్న మబ్బుతునక. 1610లో అచ్చయిన తన పుస్తకంలో గెలీలియో దానిని దాదాపు నలభై నక్షత్రాల గుంపుగా లెక్కపెట్టి చూపాడు. రోమీయులు ఈ గుచ్ఛాన్ని ప్రెసీపె అన్నారు. లాటిను బైబిలులో శిశువైన యేసును పరుండబెట్టిన పశువుల తొట్టికి వాడిన మాట కూడా ఇదే. దీనికి అటొకటి ఇటొకటి ఉన్న చుక్కలకు గాడిదపిల్లలని పేర్లు. ఈ పేర్లు క్రీస్తు పుట్టుకకు ముందునుండీ ఉన్నవే గనుక బేత్లెహేముతో సంబంధం లేదు. ఎవరైనా క్రిస్మస్ ప్రసంగంలో కలిపి చెబితే నమ్మవద్దు. అయినా చూస్తుంటే ముచ్చటగానే ఉన్నది.

కెమెరా తన పని తాను చేసుకుంటుంటే మాకు వేరే పని లేదు. అప్పుడు కబుర్లు హైదరాబాదు మీదికి పోయాయి. 1901లో నవాబు జఫర్ జంగ్ తన సొంత ఖర్చుతో అక్కడ వేధశాల పెట్టాడు. అదే నిజామియా వేధశాల. తరువాత అది బేగంపేటకు మారింది. 1887లో పారిసులో కూడిన శాస్త్రజ్ఞులు ఆకాశమంతటినీ ముక్కలుగా పంచుకొని ఫోటో తీసి ప్రతి నక్షత్రం చోటునూ లెక్కకట్టాలని నిర్ణయించారు. అందులో ఒక పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చింది. గాజు పలకల మీద చుక్కలను సూక్ష్మదర్శినితో కొలిచి ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు అచ్చువేశారు. అదే పనిలో మరొక పట్టీ వాటికన్ వేధశాల తీసుకున్నది. అక్కడ పలకలు కొలిచినవారు నలుగురు కన్యాస్త్రీలు. 1910 నుండి 1921 వరకు, ఒకరు సూక్ష్మదర్శినిలో చూచి అంకె చెబితే ఇంకొకరు రాసుకుంటూ, దాదాపు 4,80,000 నక్షత్రాలు కొలిచారు. వారి పేర్లు వందేళ్ళ తరువాత, 2016లో గాని బయటికి రాలేదు. ఎమీలియా పొంజోని, రెజీనా కొలంబో, కొంచెత్తా ఫినార్ది, లుయీజియా పంచేరి. ఇది విని అక్క "ప్రార్థన ఎప్పుడు చేసుకొనేవాళ్ళో" అన్నది. కొడుకు నవ్వాడు. నాకైతే ఆ కొలవడమే ప్రార్థనకు దగ్గరగా తోచింది.

నిజామియా వేధశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకే వేణు బప్పు. ఆయన హైదరాబాదులో చదువుకొని, అక్కడి నుండి హార్వర్డు వెళ్ళి, 1949 జూలైలో ఒక ఫోటో పలక మీద కొత్త తోకచుక్కను కనిపెట్టాడు. ఆ తోకచుక్కకు ఆయన పేరు కూడా చేర్చారు. దక్షిణ ఆకాశం బాగా కనబడే చోటు కావాలని ఆయన ఏరికోరి ఎంచిన స్థలం తమిళనాడులో జవ్వాది కొండల మీది కావలూరు. మేము కూర్చున్న తోటకు ఆగ్నేయంగా, గీత గీస్తే సుమారు 60 కిలోమీటర్లే. 1968లో అక్కడ చిన్న టెలిస్కోపుతో పని మొదలయింది. తన కలల టెలిస్కోపు, అద్దం 2.3 మీటర్ల వెడల్పుది, పూర్తి కాకముందే 1982లో బప్పు మరణించాడు. 1986 జనవరిలో దానికి ఆయన పేరే పెట్టారు. నెబో కొండ మీద నిలబడిన మోషే ఇలాంటి చోటనే జ్ఞాపకం వస్తాడు.

పదకొండున్నరకు దక్షిణాన కరీనా నీహారిక, ఒంటిగంట దాటాక దాని పక్కనే సిలువ నక్షత్రమండలం నిటారుగా నిలిచాయి. నాలుగు చుక్కలు, చిన్నది, ఆకాశం అంచుకు పదిహేను పదహారు డిగ్రీల ఎత్తు. కన్యాకుమారి దాకా పోకుండా మన జిల్లా నుండే సిలువ కనబడుతుందని నేను చెబితే మన సంఘంలో సగంమంది నమ్మరు. భూమి ఇరుసు బొంగరంలాగా మెల్లగా ఊగుతుంది గనుక వేల ఏండ్లలో నక్షత్రాల ఎత్తు మారుతుంది. యేసు ప్రభువు కాలంలో యెరూషలేము నుండి కూడా ఈ నాలుగు చుక్కలు దక్షిణపు అంచున పొడిచేవి. ఇప్పుడు అక్కడివారికి ఈ సిలువ పూర్తిగా పొడవదు. మనకు కనబడుతుంది. యోబు 9వ అధ్యాయంలో దక్షిణ నక్షత్రరాసుల మాట కూడా ఉన్నదని అప్పుడు నాకు గుర్తుకు వచ్చింది.

నేను చెప్పవలసిన రెండు మాటలు ఇంకా చెప్పలేదు. అతనే ఎత్తాడు. "మామా, నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు సండే స్కూల్లో అడిగినా. లోకం పుట్టి ఆరువేల ఏండ్లే అయితే అంతకంటే దూరం నుంచి వెలుగు ఎట్ల వచ్చింది అని. కూర్చోమన్నారు. అప్పటినుంచి కూర్చునే ఉన్నా." అందులో నవ్వు ఉన్నది గాని నవ్వు మాత్రమే లేదు. అప్పుడే గురిపెట్టిన ఒమేగా సెంటారి గుచ్ఛం తెర మీద ఉన్నది. దాదాపు కోటి నక్షత్రాలు ఉప్పు పోసినట్టు. అది సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరం.

నాకు తెలిసినంత చెప్పాను. ఆ ఆరువేల లెక్క మోషే రాసినది కాదు. వంశావళులు, రాజుల ఏలుబడులు కూడి, సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని 1650లో లెక్కకట్టినది ఐర్లండు ఆర్చిబిషప్పు జేమ్స్ అషర్. తరువాత ఇంగ్లీషు బైబిళ్ళ అంచులలో ఆ తేదీ అచ్చువేయడం వలన అది వాక్యమే అన్నంతగా పాతుకుపోయింది. అషర్ గొప్ప పండితుడు, భక్తిపరుడు. అయినా అంచులో రాసినది అంచుదే. దేవుడు అబ్రాహామును రాత్రివేళ బయటికి తీసుకొని వచ్చి నక్షత్రాలను లెక్కించమన్నాడు గాని సంవత్సరాలను లెక్కించమనలేదు. టెలిస్కోపు దేవుణ్ణి రుజువు చేయదు, కాదనదు. ఆ పనికి దానిని తయారుచేయలేదు. పిల్లవాని ప్రశ్నను కూర్చోబెట్టినవారు విశ్వాసాన్ని కాపాడుతున్నామనే అనుకొని ఉంటారు. అతను చాలాసేపు ఏమీ అనలేదు. "ఈ సంగతి అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే" అని ఆగి, కెమెరా దగ్గరకు వెళ్ళి ఫోకసు సరిచేసుకున్నాడు.

చీకటి అంటే మనకు పాపానికి, అజ్ఞానానికి గుర్తు. పాటల్లో, ప్రార్థనల్లో అదే వాడుక. ఆదికాండము మొదటి అధ్యాయంలో మాత్రం చీకటికి రాత్రి అని పేరు పెట్టినవాడు దేవుడే. ఆ పేరు పెట్టిన రాత్రి ఇప్పుడు ఊరి ఊరికీ తగ్గిపోతున్నది. మన గుళ్ళే చూడండి, గోపురం మీది సిలువకు కింద నుండి పైకి కొట్టే దీపాలు పెట్టి తెల్లవార్లూ ఉంచుతున్నాము. రాత్రి రెండు గంటలకు దానిని చూచేవారు ఎవరు? అందులో సగానికి సగం వెలుగు సిలువకు తగలక ఆకాశంలోకి పోతుంది. క్రిస్మస్ దినాలు తప్పించి పది గంటలకు ఆర్పితే కరెంటు బిల్లు కూడా తగ్గుతుందని కమిటీలవారికి నా మనవి. లడఖ్‌లోని హాన్లేలో 2022లో చీకటి ఆకాశానికి రక్షిత ప్రాంతం ఏర్పాటు చేశారు. అక్కడ మన దేశపు పెద్ద టెలిస్కోపులు ఉన్నాయి. ఆ పల్లెలవారు కిటికీలకు మందపు తెరలు వేసుకొని, వీధి దీపాలకు గొడుగులు పెట్టుకొన్నారు. దీపాలు మానుకోలేదు.

ఆ గొడుగు మాటే మా అక్క పట్టుకున్నది. నాలుగు గంటలకు తూర్పున వృశ్చికం తోక, ధనూరాశి, పాలవెల్లి నిలువెత్తున లేచాయి. వాటిలోని నీహారికలు కొన్ని తీసి అతను సామాను సర్దేసరికి టమోటా బాక్సులకు బండి వచ్చింది. తెల్లారినాక పాత నూనె డబ్బా కత్తిరించి ఆ ఫ్లడ్ లైటుకు పైన, పక్కల రేకు కట్టి, దీపాన్ని కిందికి వంచారు. మరునాటి సాయంత్రం వెలిగించి చూస్తే ఆకాశంలోకి పోయే వెలుగు ఆగి, కంచె వెంబడి నేల ముందుకంటె బాగా కనబడుతున్నది. ఏనుగు వస్తే దాని కాళ్ళు ముందు కనబడతాయని అక్క సంతోషం. కొడుక్కి ఇది చాలదు, అసలు ఆర్పితేనే మేలంటాడు. ఆ తగవు ఇంకా ఉన్నది.

ఆదివారం ఆరాధనకు వచ్చాడా అని చదువరులు అడుగుతారు. వచ్చాడు. వెనుక బెంచీలో కూర్చొని ప్రసంగం సగంలో కునికాడు. వచ్చే నెల సంగతి నేను చెప్పలేను.

చూడదలచినవారికి ఒక మాట. టెలిస్కోపు లేకపోయినా ఫరవాలేదు, పక్షులను చూచే బైనాక్యులర్ చాలు. కృత్తికలు, పుష్యమి, ఒమేగా సెంటారి దానిలో బాగుంటాయి. లెంటు నడుమ వచ్చే అమావాస్యకు వెళ్ళాలి. సిలువ కోసం అర్ధరాత్రి మేలుకోలేనివారు ఏప్రిల్ నెలాఖరులోనో మేలోనో, మబ్బు లేని రోజు, చంద్రుడు లేనప్పుడు తొమ్మిది పది గంటల మధ్య దక్షిణం వైపు చూస్తే సరి. దక్షిణాన గుట్ట అడ్డం లేని చోటు చూసుకోవాలి. అడవి అంచుకు పోవద్దు. ఆ రోజు ఏనుగులు ఏ వైపు ఉన్నాయో పగలే ఊరివారిని అడిగి తెలుసుకొని, వారు కూర్చోమన్న చోటనే కూర్చోవాలి.